హోదాకో బుడిపె

గుమ్మవలస కాంతి తంతు ప్రసార సంస్థ జిల్లా ఆఫీసులో ఆ ఏడాది కాలిపోయిన వస్తువు ఒక్కటే. అది గోరంత ఫోటో డిటెక్టరు. దాన్ని కాల్చింది సాక్షాత్తూ జనరల్ మేనేజరు ఉపమాక రామభద్రం గారు. ఈ రెండో సంగతి విచారణ నివేదికలో ఎక్కడా కనిపించదు కనక, మనం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఈతమానుగూడ కొండ మీద గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల ఉంది. అందులో లెక్కల టీచరు పోస్టు కూడా ఉంది. టీచరు మాత్రం లేరు. వేసిన ప్రతివారూ ఒక చేత్తో చేరినట్టు కాగితం, ఇంకో చేత్తో సెలవు చీటీ ఇచ్చి కొండ దిగిపోయేవారు. పదో తరగతి పిల్లలు త్రికోణమితి అనే మాటని విన్నారు గానీ చూడలేదు. చివరికి పక్క పట్నంలో ఉండే పేరి సోమయాజులు మాస్టారు, రిటైరై మోకాళ్ళు పట్టేసిన మనిషి, "నేను కొండెక్కలేను బాబూ. నా పాఠాన్ని ఎక్కించుకోండి" అన్నారు. ఆ మాట పట్టుకుని మాస్టారి ముందు గదిలో ఒక కెమెరా పెట్టి, అక్కడి నుంచి గుమ్మవలస ఆఫీసు దాకా గాజు తీగ లాగి, ఆఫీసు నుంచి బొమ్మను కొండ మీదికి పంపే ఏర్పాటు చేశారు.

ఆ పని మొత్తం నెత్తినేసుకున్నది అసిస్టెంట్ ఇంజనీరు పొట్నూరు హైమావతి. పని తెలిసిన మనిషే, కాకపోతే కోపం ముక్కు మీద ఉంటుంది. బడిలో టీవీ బిగించడానికి కొండెక్కినప్పుడు పదో తరగతి పిల్ల ఒకతె ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగి, "మధ్యలో ఆగిపోదు గదా మేడమ్?" అని అడిగింది. వచ్చిన టీచర్లందరూ ఆగిపోయిన బడి మరి. "ఆగదు. పరీక్షల దాకా నాదీ పూచీ" అంది హైమావతి. అని, కొండ దిగుతూ, ప్రభుత్వ సంస్థలో పని చేస్తూ ఇంత మాట ఎందుకన్నానా అని తనను తానే తిట్టుకుంది.

ఆ పూచీ నిలబడాల్సింది ఆఫీసు హాల్లో పెట్టిన ఒక చిన్న పెట్టె మీద. గాజు తీగలో వచ్చే వెలుతురును అందుకుని డిటెక్టరు దాన్ని సన్నటి కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఎంత సన్నమంటే దానితో చీమకు కూడా చక్కిలిగిలి పుట్టదు. పక్కనే ఉండే ట్రాన్స్ ఇంపెడెన్స్ యాంప్లిఫయరు దాన్ని పట్టుకుని, టీవీకి పనికొచ్చే వోల్టేజీగా పెంచుతుంది. ఈ జంటకు మసక వెలుతురు చాలు. ఎక్కువైతే యాంప్లిఫయరు ఉక్కిరిబిక్కిరవుతుంది, మరీ ఎక్కువైతే డిటెక్టరు ప్రాణమే పోతుంది. ఆ వెలుతురు పంపడానికి గోదాములోంచి తీసి మాస్టారి ఇంట్లో బిగించిన లేజరేమో రెండు మూడు జిల్లాలు దాటించడానికి చేసినది. లాగిన తీగ చూస్తే పక్క ఊరి దాకే. అందుకని హైమావతి తీగకూ పెట్టెకూ మధ్య వెలుతురు తగ్గించే అటెన్యుయేటరు ఒకటి బిగించింది. బొటనవేలంత లోహపు ముక్క అది. ఆఫీసులో అందరూ దాన్ని బుడిపె అంటారు.

ప్రారంభోత్సవం నాడు జనరల్ మేనేజరు గారు ఫొటోగ్రాఫరుతో సహా హాల్లోకి వచ్చారు. ఫొటోగ్రాఫరు పెట్టెకేసి చూసి, ఆ బుడిపె అడ్డొస్తోందనీ, సారు చెయ్యి సరిగా పడటం లేదనీ అన్నాడు. "ఏమిటిది, పొక్కులాగా? తొలగించండి. తీగను నా స్వహస్తాలతో నేరుగా అనుసంధానిస్తాను" అన్నారు రామభద్రం గారు. హైమావతి ఆ వేళప్పుడు హాలు అవతలి మూల ఫోనులో బడివాళ్ళతో టీవీ ఆన్ చేయిస్తోంది. వెనక్కి తిరిగి చూసి, "సార్! సార్! అది తీయకూడదు సార్!" అని పరుగెత్తుకొచ్చేసరికి అనుసంధానం అయిపోయింది. బొమ్మ సరిచూసుకోవడానికి హాల్లో పెట్టిన టీవీ తెర ఒక్కసారి తెల్లగా వెలిగి, నల్లగా ఆరిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది.

విచారణ సంఘం వేశారు. సంఘటనను దగ్గర నుంచి చూసినవారు కనక రామభద్రం గారినే అధ్యక్షుడిగా నియమించారు. సంఘం అన్ని కోణాల నుంచీ ఆలోచించి ఇలా తేల్చింది: "సదరు వెలుతురు తన పరిమితిని అతిక్రమించి, విధి నిర్వహణలో ఉన్న డిటెక్టరు మీద అనుచితంగా ప్రవర్తించినందువల్ల ఈ దుర్ఘటన సంభవించినది. ఇందు సిబ్బంది యొక్క గాని, అధికారుల యొక్క గాని ప్రమేయము ఎంతమాత్రమూ లేదు. ఇకముందు వెలుతురును అదుపులో ఉంచవలసి ఉన్నది."

కొత్త డిటెక్టరు వచ్చింది. హైమావతి పై అధికారి డివిజనల్ ఇంజనీరు పట్నాయకుని సత్యవరం గారికి రెండు ముక్కల్లో చెప్పింది. లైనులో తగిన బుడిపె ఒకటి ఎప్పుడూ ఉండాలి. తీగ తగిలించే ముందు మీటరుతో వెలుతురు కొలిచి చూసుకోవాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

సత్యవరం గారు మంచివారు. ఎవరికీ ఏ హానీ చేయలేదు, ఎందుకంటే ఎప్పుడూ ఏమీ చేయలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బాగానే ఉందమ్మా హైమావతీ. కాని, ఒకటంటే ఎవరిది?" అని అడిగారు.

"ఎవరిదేమిటి సార్? లైనుది."

"అలాక్కాదు. మన ఆఫీసులో నువ్వొక చిన్న కాగితం పంపావనుకో. నువ్వు పొట్టి సంతకం పెడతావు, నేను పెడతాను, నా పైన డిప్యూటీ జీఎం పెడతాడు, ఆపైన పెద్దాయన పెడతారు. అప్పుడు గదా కాగితానికి పరువు. మరి అంత వెలుతురు లోపలికి వస్తూంటే నీ ఒక్కదాని బుడిపె దాటి వచ్చేస్తే ఎలా? రేపేదైనా అయితే, మీరంతా ఏం చేస్తున్నారయ్యా అని మమ్మల్ని అడగరూ?"

హైమావతి నోరు తెరిచింది. సత్యవరం గారు అప్పటికే పైకి నోటు రాయడం మొదలుపెట్టారు.

వారం తిరక్కుండా జనరల్ మేనేజరు గారి ఉత్తర్వు వెలువడింది. "వెలుతురు విషయమై బాధ్యత వహించు ప్రతి అధికారియు తన హోదాకు తగిన మేరకు సదరు వెలుతురును తగ్గించవలెను. తగ్గించినట్లు రుజువుగా తన పేరును, హోదాను బుడిపెపై చెక్కించవలెను." హోదాకు తగిన మేరకు అన్నచోట అసలు మెలిక ఉంది. అసిస్టెంట్ ఇంజనీరు కాస్తంత తగ్గించవచ్చు. డివిజనల్ ఇంజనీరు సగం తగ్గించవచ్చు. డిప్యూటీ గారు అందులో మూడో వంతు మిగల్చవచ్చు. జనరల్ మేనేజరు గారికి మాత్రం పదిలో తొమ్మిది వంతులు ఆపేసే హక్కు ఉంది. పెద్ద పదవి అంటే పెద్ద అడ్డు అని ఆఫీసులో అందరూ ఎప్పటి నుంచో అనుకుంటున్నదే, ఇన్నాళ్ళకు ఉత్తర్వుగా వచ్చింది.

హైమావతి లెక్క వేసి చూసుకుంది. రామభద్రం గారి బుడిపె ఒక్కటీ లైనుకు సరిగ్గా సరిపోతుంది. అది ఉంచి మిగతావి తీసేస్తే బంగారంలా నడుస్తుంది. ఆ మాటే మీటింగులో అంది. "అంటే మేమంతా దండగా?" అని డిప్యూటీ గారు ఒంటికాలి మీద లేచారు. ఆమె కాదనలేదు, అవుననలేదు. సత్యవరం గారు బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కారు.

బుడిపెలు బిగించే రోజున ఇంకో చిక్కు వచ్చింది. వెలుతురు ముందుగా ఎవరి దగ్గరికి రావాలి? సీనియారిటీ ప్రకారం పెద్దాయన దగ్గరికే రావాలని డిప్యూటీ గారు. ఎక్కడైనా ఏ కాగితమైనా నేరుగా పెద్దాయన దగ్గరికి పోతుందా, కింది నుంచి పైకి రావాలిగా అని సత్యవరం గారు. రామభద్రం గారు కళ్ళు మూసుకుని విని, తీర్పు చెప్పారు. "వెలుతురు యథావిధిగా, సక్రమ మార్గమున, కింది స్థాయి నుండి నా వద్దకు రావలెను. నేను ఆమోదించిన వెలుతురు మాత్రమే డిటెక్టరునకు పోవలెను." కొబ్బరికాయ కొట్టారు. ఎవరి బుడిపెను వారి అటెండరు చేత బిగింపజేశారు. పొరపాటు రాకుండా విప్పడం, బిగించడం వాళ్ళ చేత ముందే సాధన చేయించారు.

మర్నాడు కొండ మీద నుంచి ఆశ్రమ పాఠశాల వార్డెను బిడ్డిక సుగుణ జీపులో దిగింది. గట్టి మనిషి, గట్టి గొంతు. హాల్లోకి వచ్చి తెరకేసి వేలు చూపించింది.

"ఏటి మేడమ్ ఇది? తెర మీద పిండి సల్లినట్టుంది. మాస్టారు ఎక్కడున్నారో, గోడ ఎక్కడుందో తెల్డం లేదు."

"వెలుతురు చాలడం లేదు సుగుణ గారూ. పెట్టె సొంత గోల, మేం సందడి అంటాం, అది ఎక్కువైంది."

"అదేటో నాకు తెల్దు గానీ, నా పిల్లలు సుక్కల్తో సస్తన్నారు. మాస్టారు మూడుకీ అయిదుకీ మద్దిన సుక్క పెడితే అది దశాంశమో, తెర మీద పడ్డ సుక్కో తెలీట్లేదు. ఒకతేమో మూడున్నర అంటది, ఒకతేమో ముప్పై అయిదు అంటది. నిన్న నిచ్చెన లెక్క సేసేరు. ఒక పిల్లకి నిచ్చెన గోడ కన్నా పదింతలు పొడుగొచ్చింది. ఆ పిల్ల ఏడుపు మొకం ఎట్టుకుని, నిచ్చెన ఎక్కడికి పోతాది వార్డెనమ్మా అనడిగింది. నానేటి సెప్పాల?"

హైమావతికి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. పరీక్షలు దగ్గరికొచ్చేస్తున్నాయి. పూచీ పడింది తను. ఆమె సుగుణను వెంటబెట్టుకునే జనరల్ మేనేజరు గారి గదిలోకి వెళ్ళింది.

రామభద్రం గారు అంతా విని, సమస్య చాలా సులువుగా ఉందన్నారు. "వెలుతురు తగ్గినది. తగ్గవలసినదే. అది భద్రత. ఇక తెర మీద బొమ్మ పెరగవలెను. దానికి యాంప్లిఫయరు ఉన్నది గదా? దాని పెంపును పెంచండి. అది సామర్థ్యము. మన సంస్థ భద్రతను, సామర్థ్యమును ఏకకాలమున సాధించుచున్నది."

"సార్, యాంప్లిఫయరుకు తన పర భేదం లేదు సార్. పాఠాన్నీ పెంచుతుంది, సందడినీ పెంచుతుంది. పైగా పెంపు కోసం దాని రెసిస్టరు మరీ పెద్దది వేస్తే అది మందగిస్తుంది, బొమ్మ అలుక్కుపోతుంది. వచ్చే వెలుతురే లేనప్పుడు..."

"పెంపు ఎంత వరకు పోవును?"

"పోవడానికి చాలా దూరం పోతుంది సార్, కానీ..."

"అంత దూరమూ పోనివ్వండి."

పోనిచ్చారు. తెర నిండా తెల్ల చుక్కలు కుతకుత ఉడకసాగాయి. స్పీకరులో హోరున వాన కురుస్తున్న చప్పుడు. రామభద్రం గారు స్వయంగా చూడటానికి వచ్చి, చాలాసేపు నిలబడి, "అబ్బ! ఎంత చైతన్యము! మొదట ఒక్క వృద్ధుడు కూర్చుని ఉండెడివాడు. ఇప్పుడు తెరలో ఎక్కడ చూసినను కదలిక!" అని మెచ్చుకున్నారు. డిప్యూటీ గారు ఆ చప్పుడు చెవి ఒగ్గి విని, అవతల పిల్లలు చప్పట్లు కొడుతున్నారేమోనన్నారు. సుగుణ విసవిసా వెళ్ళి జీపెక్కింది.

ఈలోగా భద్రత అంటురోగంలా పాకింది. అకౌంట్సు ఆఫీసరు గారు, సంస్థలోకి వచ్చే ఏ వస్తువూ తమ కంట పడకుండా లోపలికి పోవడానికి వీల్లేదనీ, వెలుతురు మాత్రం ఎందుకు పోవాలనీ ఒక బుడిపె పెట్టించుకున్నారు. విజిలెన్సు ఆఫీసరు గారు అనుమానాస్పదమైన వెలుతురును ఆపడానికి ఒకటి పెట్టించుకున్నారు. అది ఏ వెలుతురని అడిగితే, "అనుమానం వచ్చాక చెప్తాం" అన్నారు. ఆ తరవాత యూనియన్ కార్యదర్శి బోనెల గౌరునాయుడు జెండా పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"ఆఫీసర్లకే బాధ్యతేటి? మాకు లేదేటి? మేం మనుసులం కామేటి? పెతీ కార్మికుడికీ ఒక బుడిపె ఇవ్వాల్సిందే!"

హైమావతి అతని పక్కన మెట్టు మీద కూర్చుని బతిమాలింది. "గౌరునాయుడు గారూ, మీ మేనకోడలు ఆ బళ్ళోనే గదా తొమ్మిది చదువుతోంది? ఇంకొక్క బుడిపె పడితే అక్కడ ఏమీ కనబడదండీ."

గౌరునాయుడు తల గోక్కున్నాడు. "నిజమే మేడమ్. నాకూ తెలుసు. గానీ వాళ్ళకి ఇచ్చి మాకు ఇవ్వకపోతే రేపు మా వోళ్ళ దగ్గిర నాను తలెత్తుకోగల్నా? సెప్పండి." చర్చలు జరిగాయి. కార్మికులందరి తరఫునా ఒక ఉమ్మడి బుడిపె మంజూరైంది. మిఠాయి పంచారు.

దానితో తెర పూర్తిగా నల్లబడింది. పెంపు ఎంత పెంచినా, పెంచడానికి అటు నుంచి ఏమీ రావడం లేదు. పెట్టె తనలో తానే ఏదో గొణుక్కుంటూ కూర్చుంది. ఆ నెలలోనే గుమ్మవలస జిల్లాకు రాష్ట్రస్థాయి భద్రతా షీల్డు వచ్చింది. ఒక్క డిటెక్టరు మీద కూడా వెలుతురు పడని ఏకైక జిల్లా అని ప్రశంసాపత్రంలో రాశారు. రామభద్రం గారు షీల్డు తెచ్చి సరిగ్గా ఆ నల్లటి తెర పక్కనే పెట్టించారు.

హైమావతికి ఆ షీల్డును చూస్తే ఒళ్ళు మండిపోయేది. అన్నం సయించడం మానేసింది. ఆమె ఒకరోజు పక్క పట్నం వెళ్ళి, పాఠం ఆపేయమని సోమయాజులు మాస్టారికి చెప్పి క్షమించమని అడుగుదామనుకుంది. వెళ్ళేసరికి ఆయన కెమెరా ఎదుట నల్లబల్ల మీద గుడి గోపురం ఎత్తు కనుక్కుంటున్నారు. సుగుణ ముందే ఫోన్ చేసి చెప్పిందట, ఏమీ రావడం లేదని.

"తెలుసమ్మా. అయినా చెబుతున్నాను. అనుకోకుండా ఒక ముక్క అటు పోయిందనుకో, ఆ సమయానికి నేనిక్కడ లేకపోతే బాగుంటుందా?" అన్నారు మాస్టారు సుద్దముక్క దులుపుకుంటూ.

హైమావతి పాఠం ఆపమనలేదు. క్షమించమని అడగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆఫీసుకు వచ్చిన జబ్బేమిటో మొదటిసారి ప్రశాంతంగా ఆలోచించింది. వీళ్ళకు వెలుతురంటే భయం లేదు. డిటెక్టరు మీద ప్రేమా లేదు. ఏదైనా అయితే తమను అడుగుతారని భయం. ఆ భయంతోనే బుడిపెలు పెట్టారు. అదే భయంతో తీయరా?

మర్నాడు టీ వేళకు ఆమె సత్యవరం గారి గదిలో మాటల మధ్య ఊరికే అన్నట్టు అంది. "సార్, ఆ సుగుణ గారు పాఠాలు ఆగిపోయాయని కలెక్టరు గారికి చెప్పుకుంటానంటోంది సార్. వాళ్ళ మనుషులు వచ్చి లైను చూస్తారేమో."

"చూడనీ. మనం భద్రంగానే ఉన్నాం గదా."

"భద్రంగానే ఉన్నాం సార్. వాళ్ళకు పని కూడా తేలికే. వెలుతురు ఎవరెవరు ఆపారో అందరి పేర్లూ, హోదాలూ వరసగా చెక్కి ఉన్నాయి. ఏ హోదా ఎంత ఆపిందో ఉత్తర్వులోనే ఉంది."

సత్యవరం గారి టీ కప్పు పెదవికీ సాసరుకీ మధ్య ఆగిపోయింది. ఆయన మొహం రంగు మారడం ఆమె ఆనందంగా చూసింది. "నీ పేరూ ఉందిగా?" అన్నారాయన నీరసంగా.

"ఉంది సార్. అందరికన్నా తక్కువ ఆపింది నేనే."

ఆ మాట సత్యవరం గారి గదిలో పుట్టి, డిప్యూటీ గారి గదిలో పెరిగి, అకౌంట్సు దాకా పోయేసరికి కలెక్టరు గారి జీపు బయలుదేరిపోయిందన్న వార్తగా మారింది. భోజనాల వేళకు ఆఫీసులో ఎవరికీ ఆకలి వేయలేదు.

హైమావతి తన సీటులో కూర్చుని, సాయంత్రం లోపల ఉత్తర్వు రద్దవుతుందని, అప్పుడు నిదానంగా లైను సరిచేసుకోవచ్చని లెక్కలు వేసుకుంటోంది. హాల్లోంచి లోహం టకటకమన్న చప్పుడు వినబడింది. ఒక్క ఉదుటున లేచింది. ఉత్తర్వు రద్దు చేయాలంటే మళ్ళీ ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అంత ధైర్యం ఎవరికి ఉంది? అందుకని ఎవరి అటెండరును వారు రహస్యంగా పంపి, ఎవరి బుడిపెను వారు పీకించుకుంటున్నారు. లేజరు పూర్తి జోరు మీద ఉంది. పెట్టె పెంపు ఆకాశంలో ఉంది. అన్నీ పీకేస్తే ఉన్న ఒక్క డిటెక్టరూ మాడిపోతుంది. ఇంకోటి తెప్పించేలోగా పరీక్షలు అయిపోతాయి.

ఆమె హాల్లోకి పరుగెత్తింది. విజిలెన్సు వారిది పోయింది. అకౌంట్సు వారిది జేబులో పడింది. గౌరునాయుడు కూడా నిలబడి ఉమ్మడి బుడిపెను కార్మికులందరి తరఫునా విప్పుతున్నాడు. ఒక్కొక్కటీ ఊడుతూంటే తెర మీద చీకటి పలచబడి, పిండి రాలి, ఆ వెనక ఒక బట్టతలా, సుద్దముక్క పట్టుకున్న చెయ్యీ కనిపించాయి. ఆ చేతిని చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంతలో జనరల్ మేనేజరు గారి అటెండరు ఆఖరి బుడిపె మీద చెయ్యి వేశాడు.

"ఆగు!" హైమావతి వెళ్ళి బుడిపెను గుప్పెట్లో పట్టుకుంది. "ఇది తీశావా, పెట్టె కాలిపోతుంది."

"తీసుకురాకపోతే నా ఉద్యోగం కాలిపోతాది మేడమ్. అయ్యగారు కూకుని ఉన్నారు దీని కోసం."

ఆమె ఆ చెయ్యి తీయకుండానే రెండో చేత్తో హాలు ఫోనెత్తి రామభద్రం గారి గదికి కలిపించుకుంది. "సార్, మీ బుడిపె ఒక్కటీ ఉండాలి సార్. మిగిలినవన్నీ పోయినా ఫరవాలేదు."

"కుదరదు. దాని మీద నా పేరున్నది."

"పేరు గీకేస్తాను సార్. బుడిపె ఉంచుతాను."

"పేరు లేని బుడిపె నిబంధనలకు విరుద్ధము. నేను జారీ చేసిన ఉత్తర్వే. ఎవరో ఒకరి పేరు ఉండవలెను."

"అయితే నా పేరు చెక్కిస్తాను సార్."

"మొత్తము బాధ్యత నీదేనా?" అన్నారు రామభద్రం గారు, అంత పెద్ద కానుకను నమ్మలేనట్టు.

"మొత్తం నాదే సార్."

"శుభము. ఈ సంభాషణ జరగలేదు" అని ఆయన ఫోను పెట్టేశారు.

హైమావతి లేజరును ఆపించి, తన బుడిపెను తానే విప్పేసి, పెట్టెలో పాత రెసిస్టరు వేసి, పేరు గీకిన బుడిపెను తుడిచి బిగించి, లేజరు మళ్ళీ వెలిగాక మీటరుతో వెలుతురు కొలిచింది. సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉంది. అప్పుడు తీగ తగిలించింది. సోమయాజులు మాస్టారు గోపురం ఎత్తు కనుక్కోవడం పూర్తిచేసి, ఎవరూ వినడం లేదనుకుంటూనే, "అర్థమైందా అమ్మా?" అని అడుగుతున్నారు. బడికి కలిపిన ఫోనులో కొండ మీద నుంచి ఒకేసారి ఆడపిల్లల అరుపు వినబడింది. సుగుణ ఏదో చెప్పబోయింది గాని, ఆ గోలలో ఆమె గట్టి గొంతు కూడా వినబడలేదు. హైమావతి అటెండరు ఎదుటే కళ్ళు తుడుచుకుంది.

కలెక్టరు గారి మనుషులు రానే లేదు. సుగుణకు ఆయన దగ్గరికి పోయే పని పడలేదు మరి. మాస్టారు ఆదివారాలు కూడా పాఠం చెప్పి పోయిన భాగం పూర్తి చేశారు. పరీక్షలు జరిగాయి. ఫలితాలు వచ్చాయి. ఈతమానుగూడలో లెక్కలు తప్పిన పిల్ల ఒక్కతె కూడా లేదు.

ఆ వార్త పత్రికలో పడిన రోజు ఆఫీసు ఆఫీసంతా ఉత్సాహంతో ఊగిపోయింది. రామభద్రం గారు అత్యవసర సమావేశం పెట్టారు. "ఈ విజయములో మన భద్రతా పరికరముల పాత్ర నిరుపమానము. అట్టి పరికరములు ప్రస్తుతము లైనులో లేకపోవుట శోచనీయము. అధికారులందరి పేర్లు యథాస్థానములలో వెంటనే పునఃప్రతిష్ఠించవలెను." డిప్యూటీ గారు జేబులోంచి తన బుడిపెను తీసి బల్ల మీద పెట్టారు. సత్యవరం గారు రుమాలులో చుట్టుకు తెచ్చారు. విజిలెన్సు వారిది మెరుగు కూడా పెట్టించి ఉంది. రామభద్రం గారైతే మునుపటి కన్నా పెద్దది కొత్తగా చేయించుకున్నారు. జూన్‌లో కొత్త పిల్లలకు పాఠాలు మొదలు కావాలి.

వాదించడానికి నోటి దాకా వచ్చిన కోపాన్ని హైమావతి ఈసారి మింగేసింది. "సార్, ఇంత గొప్ప పరికరాలను లోపల ఆ చీకటి హాల్లో పెడితే ఎవరు చూస్తారు సార్? ముందు గుమ్మం దగ్గర గాజు పెట్టె చేయిద్దాం. వచ్చినవాళ్ళందరికీ పేర్లు కనబడతాయి."

రామభద్రం గారు ఆమెను మొదటిసారి మెచ్చుకోలుగా చూశారు.

గుమ్మం ఎదురుగా టేకు చట్రంతో గాజు పెట్టె వెలిసింది. అందులో ఒక పసుపుపచ్చ గాజు తీగ మీద బుడిపెలన్నీ హోదాల వరసలో, లైటు కింద తళతళలాడుతున్నాయి. తీగ ఈ చివర ఒక గోడలోకీ, ఆ చివర ఇంకో గోడలోకీ పోతుంది. రెండు చోట్లా లోపల సిమెంటు తప్ప ఏమీ లేదని హైమావతికీ, తాపీ మేస్త్రికీ మాత్రమే తెలుసు. రామభద్రం గారు రిబ్బను కత్తిరించి, వంగి తీగకేసి చూశారు.

"వెలుతురేమీ కనబడుట లేదే?"

"మనం లైనులో వాడే వెలుతురు కంటికి కనబడదు సార్" అంది హైమావతి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"కంటికి కనబడదు. డిటెక్టరునకు హాని చేయదు. అందరి పేర్లు ఉన్నవి. ఇది గదా భద్రత!" అని ఆయన పొంగిపోయి, అక్కడికక్కడే ఒక బోర్డు రాయించారు. అధికారుల అనుమతి లేనిదే ఈ పెట్టెను ఎవ్వరూ తెరవరాదు, తాకరాదు, ఇందులోని ఏ పరికరమును వేరొక చోటికి తరలించరాదు.

ఉపమాక రామభద్రం గారు తమ సర్వీసు మొత్తం మీద ఇచ్చిన ఉత్తర్వుల్లో ఏ వంకా పెట్టడానికి వీల్లేనిది అదొక్కటే. జూన్‌లో మాస్టారి పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరైనా ఆ పెట్టె దగ్గరికి పోయి చెయ్యి పెట్టబోతే, హైమావతి తన సీటులోంచి లేచి వచ్చి మరీ ఆ బోర్డు చదివి వినిపిస్తుంది.